తారు దిగాక

నా బానెట్ అంత ఎత్తుగా ఎందుకుందని కొత్తగా చూసినవాళ్లు అడుగుతుంటారు. కారణం లోపలున్న ఇంజను. విల్లిస్ కంపెనీ పాత జీపుల్లో గాలి పీల్చే వాల్వులు, పొగ వదిలే వాల్వులు రెండూ ఇంజను బ్లాకులోనే ఉండేవి. బలం పెంచడానికి పీల్చే వాల్వులను పైన హెడ్డులోకి మార్చి, వదిలేవాటిని కిందే ఉంచారు. దాంతో ఇంజను ఎత్తు పెరిగి పాత బానెట్ కింద పట్టలేదు. బండంతా కొత్తగా గీసే బదులు బానెట్‌నే పైకి లేపేశారు. అలా 1953లో వచ్చిన మోడల్ సీజే 3బి. అమెరికాలో దాని తయారీ 1968తో ముగిసింది. అప్పటికే ఇక్కడ జీపులు బిగిస్తున్న మహీంద్రా వాళ్లు మాత్రం ఆ తర్వాత కూడా ఎన్నో ఏళ్లు చేస్తూ వచ్చారు. డెబ్బైల్లో అలా పుట్టిన పెట్రోలు జీపును నేను. 2199 సీసీ, నాలుగు సిలిండర్లు, ముందుకు మూడు గేర్లు. ముందు ఇరుసుకూ వెనక ఇరుసుకూ మధ్య దూరం 80 అంగుళాలే.

మొదట ఒక ప్రభుత్వ శాఖలో తిరిగాను. అక్కడి నుంచి వేలంలో నన్ను కొన్నది కొయ్యలగూడెం దగ్గర మెట్ట రైతు. వర్జీనియా పొగాకు వేసేవారు. ఆకు కాల్చే బేరన్లకు కట్టెలు, చేలకు ఎరువు బస్తాలు, సీజన్‌లో ట్రైలర్ కట్టి పొగాకు బేళ్లు, ఇదీ నా పని. 1986 ఆగస్టులో గోదావరికి వరద వచ్చినప్పుడు పెద్దాయన నన్ను పోలవరం వైపు పట్టుకుపోయారు. బియ్యం బస్తాలు, మంచినీళ్ల డ్రమ్ములు. నీళ్లు తీసిన చోటల్లా మోకాలి లోతు ఒండ్రు. ట్రాక్టర్లు తప్ప మరేవీ కదలని దారుల్లో నేను కదిలాను. ఆ వరద తర్వాత పెద్దాయన నా తాళం ఇంకెవరి చేతికీ ఇవ్వలేదు.

ఆయన పోయాక బేరన్ పక్క రేకుల షెడ్డులో ఏళ్లకేళ్లు నిలబడిపోయాను. తిరిగే బండి అరుగుతుంది, నిలబడ్డ బండి కుళ్లుతుంది. గేర్ల మీది ఆయిల్ కిందికి జారిపోతే పైభాగం తుప్పు పట్టింది. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంది, వీల్ సిలిండర్లలో పిస్టన్లు కరుచుకుపోయాయి. కార్బొరేటర్‌లో పెట్రోలు ఎండి జిగురైంది. వైర్లు ఎలుకలు కొరికాయి. పాత ఇనుము కొనే అతను వచ్చి బేరం కూడా ఆడాడు. పెద్దాయన కొడుకు చినబాబు ససేమిరా అని, రాజమండ్రి నుంచి మేస్త్రిని పిలిపించారు.

"డీజిలింజను పెట్టించమంటున్నారు మేస్త్రీ, అందరూనూ."

"పెట్టొచ్చండి బాబుగారూ. బరువెక్కువ, ముందు కమాన్లు దిగిపోతాయి, గేరుబాక్సు మీద దెబ్బ పడద్ది. ఈ ఇంజను తిరుగుతోందిగా? దీన్నే చేద్దారి."

ఆ మాట అన్నందుకు ఆయనకు జీవితాంతం రుణపడి ఉంటాను. మా తరం జీపుల్లో చాలావాటికి పెట్రోలు ఇంజను పీకేసి, ఎక్కడెక్కడివో డీజిల్ ఇంజన్లు దించేశారు. తిండి ఖర్చు తగ్గింది, నిజమే. కానీ ఎక్కడో ఒక బరువుకూ ఒక వేగానికీ లెక్కకట్టి చేసిన గేర్లు, ఇరుసులు, స్ప్రింగులు ఆ కొత్త కుదుపుకు ఒకటొకటిగా విరిగిపోయాయి.

ఊళ్లు తిరిగే జీపు గురించి జనం నదులు, కొండలు, బురద ఊహించుకుంటారు. నా ప్రయాణంలో ఎక్కువ భాగం షెడ్డులోనే జరుగుతుంది. గ్రీజు గన్ పట్టుకుని చినబాబు నా కింద దూరతారు. కమాన్ల చివర షాకిళ్లు, స్టీరింగ్ రాడ్లు, ప్రొపెల్లర్ షాఫ్టుల క్రాసులు, అన్నిటికీ నిపుళ్లుంటాయి. పాత గ్రీజు నల్లగా బయటికొచ్చి, దాని వెనక కొత్తది కనబడేదాకా కొట్టాలి. కొత్తది కనబడకముందే ఆపితే లోపల ఇసుక ఉండిపోతుంది. గాలి ఫిల్టర్ కింద గిన్నెలో నూనె ఉంటుంది, దుమ్మంతా అందులో చిక్కుతుంది. ఎండాకాలం మట్టిదారుల్లో తిరిగొస్తే ఆ నూనె చిక్కటి బురదవుతుంది. దాన్ని పారబోసి గిన్నె కడగకపోతే ఆ దుమ్ము సిలిండర్లలోకి పోయి రింగులు అరగదీస్తుంది. ఇంకో చోటు కూడా చూడాలి. నా గేర్‌బాక్సూ, దాని వెనక రెండిరుసులకూ బలం పంచే ట్రాన్స్‌ఫర్ కేసూ పక్కపక్కనే ఆనుకుని ఉంటాయి. మధ్య సీలు అరిగితే ఒకదాని ఆయిల్ ఇంకోదాంట్లోకి పోతుంది. ఒకటి చూసి సరిపోయిందనుకుంటే రెండోది ఎండిపోయి ఉంటుంది. అందుకే మేస్త్రి రెండు ప్లగ్గులూ విప్పి, రెండింట్లోనూ వేలు పెట్టి చూస్తాడు.

హ్యాండ్‌బ్రేక్ సంగతి చినబాబు కూతురికి మేస్త్రి మొదటిరోజే చెప్పాడు. నా హ్యాండ్‌బ్రేక్ చక్రాల దగ్గర ఉండదు, ట్రాన్స్‌ఫర్ కేసు వెనక ఒక డ్రమ్ము మీద ఉంటుంది. ప్రొపెల్లర్ షాఫ్టును పట్టుకుని, దాని ద్వారా వెనక చక్రాలను ఆపుతుంది. టైరు మార్చడానికి వెనక ఒక చక్రం జాకీతో లేపామా, ఆ చక్రం గాలిలో తిరిగిపోతుంది, డిఫరెన్షియల్ వల్ల నేలమీది చక్రం కూడా దొర్లిపోతుంది. బ్రేకు లాగి ఉంటుంది, బండి మాత్రం జాకీ మీంచి పడుతుంది. "ముందు రాయి పెట్టమ్మా, తర్వాత జాకీ." ఆ పాప ఈ రోజుకీ రాయి చూశాకే కిందికి దిగుతుంది.

ఇక ఫోర్ వీల్ డ్రైవ్. నేల మీద రెండు పొట్టి లివర్లున్నాయి, ఒకటి ముందిరుసును కలపడానికి, రెండోది హై, లో మార్చడానికి. ముందిరుసు కలపందే లో పడదు, అలా కట్టేశారు. ఎందుకంటే లోలో పుట్టే బలమంతా వెనకిరుసు ఒక్కటే మోస్తే షాఫ్టు విరుగుతుంది. లోలో ఒకటో గేరు వేస్తే చక్రం ఒక్క చుట్టు తిరగడానికి ఇంజను 30కి పైగా చుట్లు తిరగాలి. మనిషి నడక కంటే మెల్లగా పోతాను. నా బలమంతా ఆ మెల్లదనంలోనే ఉంది. ఇది అర్థంకాని డ్రైవర్లు బురద కనిపించగానే యాక్సిలరేటర్ తొక్కేస్తారు. చక్రాలు గిర్రున తిరిగి గోతులు తవ్వుకుంటాయి.

తారురోడ్డు మీద ముందిరుసు కలపకూడదు. మలుపులో ముందు చక్రాలు పెద్ద వంపు తిరుగుతాయి, వెనకవి చిన్న వంపు. రెండింటి మధ్య ఆ తేడా సర్దే డిఫరెన్షియల్ నాకు లేదు. మట్టిలో అయితే టైరు కాస్త జారి తేడా తీర్చేస్తుంది. తారు జారనివ్వదు కాబట్టి తడిబట్ట పిండినట్టు షాఫ్టుల్లో మెలి పడుతుంది, లివర్ బిగుసుకుపోతుంది. దాన్ని బలంగా లాగొద్దు. రివర్స్‌లో తిన్నగా కొద్ది దూరం వెళితే మెలి విడిపోయి లివర్ దానంతటదే వస్తుంది.

మేమెక్కువగా వెళ్లేది మారేడుమిల్లి వైపు. కొవ్వూరు దగ్గర 1974లో తెరిచిన రోడ్డు కం రైలు వంతెన ఎక్కి గోదావరి దాటడం, కోరుకొండ, గోకవరం, రంపచోడవరం, అక్కడి నుంచి అడవి. గంటకు 50, 60 కిలోమీటర్లు నాకు హాయి. అంతకు మించితే ఇంజను మొర, టాపు కాన్వాసు చప్పుడు కలిసి లోపలున్నవాళ్ల మాటలు వాళ్లకే వినబడవు. ఏప్రిల్ ఎండలో ఘాట్ మెల్లగా ఎక్కుతుంటే ఇంజనుకు ఆనుకున్న పెట్రోలు పంపు బాగా వేడెక్కి, లోపలి పెట్రోలు ఆవిరవుతుంది. ఆవిరిని పంపు తోయలేదు, ఆగిపోతాను. గాభరా పడాల్సిన పని లేదు. పంపు మీద తడిగుడ్డ చుట్టి, బానెట్ ఎత్తి, ఒక టీ తాగి వస్తే చాలు. చినబాబు సీటు వెనక ఎప్పుడూ ఒక గుడ్డ, ఒక నీళ్ల సీసా ఉంటాయి.

మారేడుమిల్లి దాటాక లోపలి దారుల్లో వాగులుంటాయి. అక్కడ చినబాబు పద్ధతి మారదు. ముందు దిగి, కర్రతో కొలుస్తూ వాగు అవతలి ఒడ్డుకు నడిచి వెళ్లి వస్తారు. మోకాలు దాటి నీళ్లొస్తే, ప్రవాహం కాళ్లను లాగితే, వెనక్కి తిరిగిపోవడమే. దాటొచ్చనిపిస్తే ఫ్యాన్ బెల్ట్ తీసేస్తారు, ఎందుకంటే తిరిగే ఫ్యాను నీళ్లను చిమ్మి డిస్ట్రిబ్యూటర్ మీద కొడుతుంది. అదే బెల్టు నీటి పంపునూ తిప్పుతుంది కనుక ఎక్కువసేపు అలా నడపకూడదు. డిస్ట్రిబ్యూటర్ మీద ప్లాస్టిక్ కవర్ కట్టి, లోలో రెండో గేరు వేసి, మధ్యలో గేరు మార్చకుండా, ముందు చిన్న అల లేచేంత నిదానంగా దాటాలి. ఒడ్డెక్కాక పని ఇంకా ఉంది. బెల్టు మళ్లీ బిగించాలి. తడిసిన డ్రమ్ములు బ్రేకు పట్టవు, మెల్లగా నడుపుతూ పెడల్ కొద్దికొద్దిగా నొక్కి ఆరబెట్టాలి. రాత్రికి ఇరుసుల్లో ఆయిల్ చూడాలి, పాలరంగు తిరిగి ఉంటే నీళ్లు దూరినట్టే. ఆ ఆయిల్‌తో ఇంకో రోజు తిప్పితే బేరింగులు పోతాయి.

పుల్లంగి మీదుగా గుడిసె కొండ ఎక్కే దారిలో ఒకసారి వెనక ఎడమ కమాన్‌లో మెయిన్ ప్లేటు విరిగింది. ఇరుసు పక్కకు జరిగి టైరు బాడీకి రాసుకుంటోంది. దగ్గర్లో ఊరు లేదు. ఫ్రేముకూ ఇరుసుకూ మధ్య ఒక దుంగ ముక్క దోపి, విరిగిన చోట గొలుసు చుట్టి, లోలో దిగాం. తెల్లవారుజామున టూరిస్టులను పైకి తీసుకెళ్లే అటువైపు జీపు కుర్రాళ్లే దుంగ కొట్టిచ్చారు, రంపచోడవరం దాకా వెనకే వచ్చారు. డబ్బులిస్తే తీసుకోలేదు. "మా బళ్లకీ ఇరుగుతుంటాయిలెండి" అన్నారు.

గుడిసె పైన గడ్డి మైదానాలున్నాయి. బండి గడ్డి మీదికి ఎక్కించి గుండ్రాలు తిప్పి ఫొటోలు తీసుకునేవాళ్లను చూస్తే నాకు కడుపు మండుతుంది. అక్కడి నేల పలచన. టైరు ఒకసారి చీలిస్తే వానకు ఆ చీలికే కాలువవుతుంది, ఆ పక్కన గడ్డి మళ్లీ పట్టదు. ఎక్కగలగడం నాకు తెలుసు కాబట్టే చెబుతున్నాను, ఎక్కగలిగిన ప్రతిచోటికీ ఎక్కక్కర్లేదు. నన్ను దారి చివరే ఆపుతారు, మిగతాది నడుస్తారు.

శ్రీశైలం అడవిలో ఇష్టకామేశ్వరి గుడికి జీపులు పోతాయి గానీ సొంత బళ్లను రానివ్వరు. అక్కడికి చినబాబు వేరే జీపులో వెళ్లొచ్చారు. నాకేం బాధ లేదు. ఆ రాళ్ల దారి రోజూ తొక్కే జీపుల కమాన్లు, క్రాసులు ఎంత తొందరగా అరుగుతాయో మేస్త్రి దగ్గర విన్నాను.

ఇప్పుడు కొత్త చిక్కు పెట్రోలుతో వచ్చింది. 2023 నుంచి బంకుల్లో 20 శాతం ఇథనాల్ కలిసింది రావడం మొదలైంది. నా కాలపు రబ్బరుకు అది పడదు. పైపులు మెత్తబడతాయి, పంపులో డయాఫ్రం ఉబ్బుతుంది, ఇథనాల్ తేమను పీల్చుకుని ట్యాంకు అడుగున తుప్పు తెస్తుంది. చినబాబు విజయవాడ ఆటోనగర్‌లో తిరిగి ఇథనాల్‌కు ఆగే పైపులు, డయాఫ్రం సంపాదించారు. ఎక్కువ రోజులు నిలిపి ఉంచాల్సి వస్తే ట్యాంకు ఖాళీ చేస్తున్నారు. పదిహేనేళ్లు దాటిన సొంత బండికి అయిదేళ్లకోసారి ఫిట్‌నెస్ చూపించి రిజిస్ట్రేషన్ పొడిగించుకోవాలి. ఆ పరీక్ష కష్టమని కొందరు గొణుగుతారు. నాకు మాత్రం అది ఇష్టం, నా బ్రేకులు, స్టీరింగు ఇంట్లోవాళ్లు కాక ఇంకొకరు కూడా చూడాలి. 15 ఏళ్లు నిండిన ప్రభుత్వ బళ్లకు 2023 ఏప్రిల్ 1 నుంచి రిజిస్ట్రేషన్లు రద్దయ్యాయి. అప్పట్లో వేలం వేయకుండా ఉంచేసి ఉంటే నేనూ ఆ వరసలోనే ఉండేదాన్ని.

ఈ కార్తీకంలో చింతూరు మీదుగా భద్రాచలం వెళ్లాలనుకుంటున్నారు. కానీ ముందు ఎడమ చక్రం దగ్గర కింగ్‌పిన్ బేరింగ్ వదులైంది. గుంటలో పడితే స్టీరింగు చేతుల్లో వణుకుతోంది. మేస్త్రి విప్పి చూసి, కొత్త బేరింగులు వేసి, షిమ్ములు ఒకటొకటిగా తీస్తూ స్ప్రింగు త్రాసుతో లాగి బిగువు చూడాలన్నాడు. బేరింగులు ఆటోనగర్ నుంచి రావాలి. అవి వచ్చి, ఆ పనయ్యి, కొవ్వూరు దాకా ఒకసారి పోయి వచ్చేదాకా ప్రయాణం లేదని చినబాబు ఇంట్లో చెప్పేశారు.