గిరాకీ ఫుల్లు, గోదాము నిల్లు

వ్యాపారమంటే సరుకు అమ్ముడుపోవడమే కష్టమని అనుకుంటాం. యూరియా వ్యాపారంలో ఆ బెంగే లేదు. లారీ సొసైటీకి రాకముందే చెప్పులు వరసలో నిలబడతాయి. చెప్పుల పక్కన పాసుపుస్తకం జిరాక్సు, అది ఎగిరిపోకుండా దాని మీదో రాయి. 2025 వానకాలంలో తెలంగాణ పల్లెల్లో కనిపించిన ఈ దృశ్యాన్ని మించిన మార్కెట్ సర్వే ఏముంటుంది?

ఇంత గిరాకీకి మొదటి కారణం ధర. 45 కిలోల బస్తా రూ.266.50. పక్కనే 50 కిలోల డీఏపీ రూ.1,350. నత్రజని, భాస్వరం, పొటాష్ 4:2:1 పాళ్లలో వేయమని శాస్త్రవేత్తలు మొత్తుకుంటారు. రైతు జేబుకు మాత్రం మొదటి అంకె ఒక్కటే వినిపిస్తుంది. బస్తాల లెక్కన చల్లేవాడికి బస్తా చిన్నదైతే వాడకమూ తగ్గుతుందని 2018లో 50 కిలోలను 45 చేశారు. రైతు ఇంకో బస్తా అడిగాడు.

రెండో కారణం, పొలం మొహం చూడని వాడకందార్లు. సబ్సిడీ యూరియా ప్లైవుడ్ జిగురులోకి జారుకుంటోందని 2015లో మొత్తం సరుకుకు వేపనూనె పూయించారు. అక్రమ రవాణా కేసులు ఆ తర్వాతా నమోదవుతూనే ఉన్నాయి. జిగురుకు చేదుతో పనేముంది?

ఇక సవాళ్లు. 2025 చివరికల్లా దిగుమతులు ఆపేస్తామని కేంద్రమంత్రి సెలవిచ్చారు. ఆ ఏడాదే మనవాళ్లు విదేశీ ఓడల కోసం ఎదురుచూశారు. 1999లో మూతపడ్డ రామగుండం ఎరువుల కర్మాగారం స్థానంలో ఏటా 12.7 లక్షల టన్నుల సామర్థ్యంతో కొత్తది కట్టుకున్నాం. సరిగ్గా నాట్ల వేళకు అదీ మరమ్మతులకు ఆగింది. పంపామని కేంద్రం, రాలేదని రాష్ట్రం. రెంటి మధ్యా రైతు క్యూలో ఉన్నాడు.

కౌంటర్ దాకా చేరితే కట్నం బేరం మొదలు.

"బస్తాతో పాటు నానో సీసా తీసుకోవాలె."

"సీసా వద్దు సారూ, పిచికారీకి కూలోళ్లు దొరుకుతలేరు. బస్తా చాలు."

"అట్లయితే స్టాకు లేదన్నా."

అరలీటరు నానో యూరియా సీసా బస్తాకు సమానమని 2021లో చెప్పారు. అంత గొప్ప సరుకును అంటగడితే తప్ప కొనేవాడు లేడు!

ఈ రోగానికి మందు ఏమిటో ఢిల్లీకి తెలియక కాదు. 2010లో మిగతా ఎరువులకు పోషకాల లెక్కన సబ్సిడీ పెట్టి, యూరియాను మాత్రం పక్కన ఉంచారు. ధర సవరించి, ఆ తేడాను ఎకరానికింతని రైతు ఖాతాలో వేయొచ్చు. వేయరు. బస్తా ధర ముట్టుకుంటే ఓటు పోతుందని భయం. ముట్టుకోకపోతే నేల పాడవుతుంది, నిజమే. కానీ నేల ఏ పోలింగ్ బూత్ ముందూ క్యూ కట్టదు.