బ్రూనో, నాలుక చూపించు!

అమెరికాలో ఈమధ్య కుంటుతున్న కుక్కని తీసుకెళితే కొందరు పశువైద్యులు ముందు కాలు చూడరు, నాలుక చూస్తారు. ఆ తర్వాత వెనక తొడ లోపలివైపు వేళ్ళు ఆనించి నాడి పడతారు. మామూలు డాక్టరైతే నిమిషానికెన్నిసార్లు కొట్టుకుంటోందో లెక్కేసి వదిలేస్తాడు. చైనా సంప్రదాయ వైద్యం చదివినాయన అంత తేలిగ్గా వదలడు. తేలే నాడి, మునిగే నాడి, జారే నాడి, బిగిసిన నాడి... మొత్తం 28 రకాలు. పక్కగదిలో పిల్లి అరిచిందంటే ఇరవై తొమ్మిదోది కూడా తగులుతుంది.

నాలుక ఎర్రగా ఉంటే ఒంట్లో వేడి, పాలిపోతే రక్తం చాలదు, నీలంగా ఉంటే రక్తం ఎక్కడో నిలిచిపోయింది. ఇదీ శాస్త్రం. చైనాలోనే పుట్టిన చౌ చౌ జాతి కుక్కకి, పాపం, రెండు మూడు నెలలు వచ్చేసరికి నాలుక నీలి నలుపైపోతుంది. బతికినన్నాళ్ళూ అదే రంగు. అంటే ఆ జాతి మొత్తానికీ తరతరాలుగా రక్తం నడవడం లేదన్నమాట! అయినా అవి శుభ్రంగా తిని, వచ్చినవాళ్ళ మీద మొరుగుతూనే ఉన్నాయి.

"వేల ఏళ్ళనాటి విద్యండీ" అంటారు. విద్య పాతదే, కాదనం. 1608లో యూ ఇంటిపేరున్న అన్నదమ్ములిద్దరు రాసిన గ్రంథానికి ఇప్పటికీ పెద్దపీటే. కాకపోతే అది గుర్రాల వైద్యం. గుర్రముంటేనే సైన్యం నడిచే మింగ్ చక్రవర్తుల కాలంలో, కుక్కపిల్లకి సూదులు గుచ్చే తీరిక ఎవరికుంది? ఆ పద్ధతుల్లో నెత్తురు తీయడం, ఇనుము కాల్చి వాతలు పెట్టడం కూడా ఉన్నాయి. మన పల్లెల్లో కుంటి ఎద్దుకి చేసిన వైద్యమూ అదే. క్లినిక్ కరపత్రంలోకి మాత్రం ఆ రెండూ ఎక్కలేదు.

1971లో న్యూయార్క్ టైమ్స్ విలేఖరి జేమ్స్ రెస్టన్‌కి పెకింగ్‌లో అపెండిక్స్ తీశాక, కడుపునొప్పికి సూదులు గుచ్చారు. ఆయన ఆ సంగతి రాశాడు, అమెరికా ఊగిపోయింది. 1974కల్లా జంతువుల ఆక్యుపంక్చర్‌కి అంతర్జాతీయ సంఘమే పుట్టింది. మరి సూదులు ఎక్కడ గుచ్చాలో చూపే పటాలో? మనిషి పటాన్నే నాలుగు కాళ్ళ మీద వంచి గీశారు. మనిషికి పిత్తాశయ మెరిడియన్, అంటే వాళ్ళ లెక్కలో శక్తి పారే దారి, కంటికొస నుంచి కాలి నాలుగో వేలిదాకా పోతుంది. గుర్రానికి పిత్తాశయం లేదు. నాలుగో వేలూ లేదు, కాలికి ఉన్నది ఒకటే గిట్ట. అయినా పటంలో లైను పడింది. లేని అవయవం పేరు మీద లేని వేలిదాకా రోడ్డు! మన కాంట్రాక్టర్లు చూస్తే కుళ్ళుకుంటారు.

"మరి మా కుక్కకి తగ్గిందే!" అంటారు యజమానులు. మినెసోటా విశ్వవిద్యాలయం వాళ్ళు 2012లో దీని సంగతీ తేల్చారు. కీళ్ళవాతమున్న కుక్కలకి ఉత్తుత్తి బిళ్ళలిచ్చి, అవి కాలిమీద ఎంత బరువు మోపుతున్నాయో యంత్రంతో కొలిచారు. మార్పేమీ లేదని యంత్రం చెబుతున్నా, తగ్గిందని చెప్పిన యజమానులు బోలెడు. పశువైద్యులేమీ తక్కువ తినలేదు. రోగి కోరిందీ పాలే, వైద్యుడు చెప్పిందీ పాలే అన్న మన సామెతలో ఇప్పుడు రోగి ప్రమేయం కూడా అక్కర్లేదు, ఫీజు కట్టేవాడు కోరితే చాలు.

ఈ వైద్యంలోని ఆహార చికిత్స మాత్రం మనవాళ్ళకి ఇట్టే ఎక్కుతుంది. డాలస్‌లో ఒక తెలుగు ఇంటి సంభాషణ:

"అత్తయ్యా, బ్రూనోకి చికెన్ వేడి చేస్తోందట. బాతు మాంసం చలవట, అదే పెట్టమన్నారు."

"నువ్వు కడుపుతో ఉన్నప్పుడు బొప్పాయి వేడమ్మా అంటే, సైన్సు ఒప్పుకోదన్నావు?"

"అది వేరండీ. ఈయన సర్టిఫైడ్."

అక్కడ కొన్ని బీమా పాలసీల్లో కుక్కల ఆక్యుపంక్చర్ ఖర్చు కూడా ఇస్తారు. బ్రూనోకి అలాంటిదే ఉంది. అత్తగారి మోకాళ్ళకి మాత్రం విజిటర్ ఇన్సూరెన్స్ వర్తించదు, పాత జబ్బట. అందుకే ఆవిడ ఇప్పుడు ప్రతివారం బ్రూనోకి తోడుగా క్లినిక్‌కి బయల్దేరుతోంది. "నాయనా, సూదులు రెండు ఎక్కువుంటే ఇటు కూడా ఓ చెయ్యి వెయ్యి" అని అడగడానికి.