తాగనివాళ్ళ మంచినీళ్ళు

మా ఫ్లాటులో నీళ్ళకు హోదాలున్నాయి. అట్టడుగున బోరు నీళ్ళు: స్నానానికీ బట్టలకూ. దాని పైన రోజు విడిచి రోజు వచ్చే మంజీరా. ఆ గొట్టంలో ఇప్పుడు కృష్ణ వస్తున్నా గోదావరి వస్తున్నా, హైదరాబాదువాడికి కుళాయి నీళ్ళన్నీ మంజీరాయే. ఆ పైన, చుట్టాలొచ్చినప్పుడు తెప్పించే 20 లీటర్ల క్యాను. అన్నిటికీ మీద, తాళం వేసిన డ్రమ్ములో ఆర్వో నీళ్ళు. ఇవి మనుషులకు కాదు, హాల్లో అద్దాల తొట్టిలో కాపురముంటున్న ఐదు డిస్కస్ చేపలకు. ఈ నీళ్ళలో కందిపప్పు తొందరగా ఉడుకుతుందని మా ఆవిడ కనిపెట్టిన దగ్గర్నుంచీ డ్రమ్ముకు తాళం తప్పలేదు.

కరిగిన ఉప్పుల్ని కొలిచే టీడీఎస్ మీటరును మా బోరు నీళ్ళలో ముంచితే 900 చూపిస్తుంది. తాగునీటికి 500 దాకా మేలని భారతీయ ప్రమాణాల సంస్థ అంది. వేరే దిక్కు లేకపోతే 2000 దాకా సర్దుకోమంది. దిక్కులేనివాళ్ళకు కూడా ఒక ప్రమాణం రాసిపెట్టారన్నమాట. డిస్కస్ మాత్రం సర్దుకోదు. అమెజాన్ నది చేప కదా, ఉప్పులు దాదాపు లేని చప్పటి నీళ్ళలో పుట్టింది. 100కు కాస్త అటూ ఇటూ ఉంటేనే దానికి కులాసా.

అందుకే ఆర్వో. ముందు స్పన్ ఫిల్టరు మట్టిని పట్టుకుంటుంది, తర్వాత కార్బన్ క్లోరిన్‌ను పట్టుకుంటుంది, చివర మెంబ్రేన్ ఉప్పుల పని పడుతుంది. ఈ మెంబ్రేన్‌కు క్లోరిన్ అంటే గిట్టదు, తగిలితే చెడుతుంది. మొదటి రెండూ ఆరు నెలలకోసారి మారిస్తే ఇది రెండు మూడేళ్ళు పనిచేస్తుంది. వాటి దగ్గర వందలు మిగుల్చుకున్నవాడు దీని దగ్గర వేలు వదిలించుకుంటాడు.

ఓసారి డ్రమ్ములోకి ధార సన్నబడితే మెకానిక్‌ను పిలిచాను. మూతైనా తీయకుండా "మెంబ్రేన్ పోయింది సార్" అన్నాడు. నేను మీటరు చూపించాను: 40. తొమ్మిది వందలు వెళ్ళి నలభై బయటికొస్తుంటే మెంబ్రేన్ నిక్షేపంగా ఉన్నట్టే. ఎర్రగా మట్టిపట్టిన స్పన్ ఒక్కటి మారిస్తే చాలన్నాను. కస్టమర్ ఇంట్లో మీటరుండటం అతనికి బొత్తిగా నచ్చలేదు.

"పోనీ టీడీఎస్ కంట్రోలర్ కొంచెం తిప్పుతా సార్. పచ్చినీళ్ళు కాస్త కలిస్తే టేస్టు బాగుంటది. ఎంతమంది తాగుతారు?"

"ఐదుగురు."

"పిల్లలా?"

"చేపలు."

అతను స్క్రూడ్రైవర్ కింద పెట్టి, నన్ను వదిలేసి, మా ఆవిడ వైపు జాలిగా చూశాడు.

ఊరినుంచి వచ్చిన మా అమ్మది ఇంకో బాధ. "మన చెరువులో బొచ్చెలు ఏ మిషను నీళ్ళు తాగి పెరిగాయిరా?"

"మంచినీటి చేప నీళ్ళు తాగదమ్మా. దాని ఒంట్లో ఉప్పులెక్కువ, బయట తక్కువ. అందుకని మొప్పల్లోంచి నీళ్ళు వాటంతటవే లోపలికొస్తాయి. వచ్చినవి వచ్చినట్టు ఒంటేలు పోస్తూ ఉంటుంది. నీళ్ళు అలా లోపలికి రావడాన్నే ఆస్మోసిస్ అంటారు. మన మిషను మోటారుతో నీళ్ళను నెట్టి దాన్ని తిరగేస్తుంది."

అమ్మ చెవికి ఎక్కింది మొదటి వాక్యమే. "అయితే తాగనివాళ్ళకు ఆర్వో, తాగే మాకు మంజీరానా?"

1960 ప్రాంతంలో కాలిఫోర్నియాలో లోబ్, సౌరిరాజన్‌లు ఉప్పును ఆపే పొరను తయారుచేసింది సముద్రపు నీటిని మనుషులకు తాగునీరు చేయడానికే. అమ్మ వాదన వాళ్ళు విని ఉంటే ఆవిడ పక్షానే నిలబడేవాళ్ళు.

అసలు తమాషా తర్వాత ఉంది. ఉత్త ఆర్వో నీళ్ళలో వదిలితే చేప ఒంట్లోని ఉప్పులు బయటికి పోతాయి, పీహెచ్ కూడా నిలకడగా ఉండదు. కాబట్టి తీసిన ఉప్పుల్లో కొన్నిటిని ప్యాకెట్లో కొనుక్కొచ్చి మళ్ళీ వేయాలి. తీయడానికొక ఖర్చు, వేయడానికింకొకటి. "తొమ్మిది బకెట్ల ఆర్వోలో ఓ బకెట్ బోరు నీళ్ళు పోస్తే పోలేదాండీ?" అంది మా ఆవిడ. కలిపి మీటరు ముంచితే 126. ఆ నెలనుంచి ప్యాకెట్ బంద్.

మిగిలింది మిషను వదిలేసే నీళ్ళ సంగతి. లీటరు మంచినీళ్ళిచ్చి మిషను ఇంచుమించు మూడు లీటర్లు బయటికి తోస్తుంది. తొట్టిలో వారానికి 50 లీటర్లు మార్చేవాడికి 150 లీటర్ల దాకా ఉప్పుతేరిన నీళ్ళు చేతిలో ఉంటాయి. గ్రానైట్ తుడిస్తే తెల్లచారలు, కారు కడిగితే తెల్లచుక్కలు. తులసికి పోయబోతే అమ్మ చెయ్యి పట్టుకుంది. చివరికి బాత్రూములో ఫ్లష్‌కే వాటి మోక్షం.

కొత్తగా తొట్టి పెట్టేవాళ్ళకు ఒకటే మాట. చేపల దుకాణానికి వెళ్ళేముందు మీ ఇంటి నీళ్ళలో మీటరు ముంచండి. అంకె పెద్దదైతే గప్పీలో మోలీలో తెచ్చుకోండి. అవి ఆ నీళ్ళలోనే హాయిగా పిల్లల్ని పెట్టుకుంటూ పోతాయి. కాదు, డిస్కసే కావాలంటారా, స్పన్ ఎర్రబడగానే మార్చండి, కంట్రోలర్ పూర్తిగా కట్టేయండి. మెకానిక్ వచ్చే వేళకు మాత్రం మీటరు టేబుల్ మీద కనబడేటట్టు పెట్టండి. సగం జబ్బులు దాన్ని చూసే నయమవుతాయి.