గాబు పక్కన వామాకు

జగ్గయ్యపేటలో మా ఇంటి పెరట్లో గాబు పక్కన వామాకు ఉండేది. దానికి పనిగట్టుకుని నీళ్లు పోసినవాళ్లు లేరు. అంట్లు తోమిన నీళ్లు, కాళ్లు కడుక్కున్న నీళ్లు అటే జారిపోయేవి. వాటితోనే అది దుబ్బుకట్టి గోడ వారంతా పాకింది. పక్కింటివాళ్లు గోడమీంచి తల పెట్టి "పిన్నిగారూ, పిల్లాడికి రొంప పట్టింది, రెండాకులు" అంటే మా నాయనమ్మ నాలుగు తుంచి ఇచ్చేది. ఊరికే ఇచ్చి పంపేది కాదు. ఎన్నాళ్లయింది, పాలు తాగుతున్నాడా, రాత్రి నిద్రపోయాడా అని అడిగి గానీ చేతిలో పెట్టేది కాదు.

ఇప్పుడు ఆ గాబు లేదు. పెరడంతా గచ్చు చేయించి కారు నిలబెట్టారు. అదే మొక్కను మా మనవడు హైదరాబాదులో డబ్బు పోసి కొనుక్కొచ్చి బాల్కనీలో పెట్టుకున్నాడు. ఎందుకురా అంటే చూడ్డానికి బావుందన్నాడు. ఆకు నలిపి వాసన చూడమన్నాను. "పిజ్జా వాసనొస్తోంది తాతయ్యా" అన్నాడు. వాడి ముక్కు తప్పు చెప్పలేదు. పిజ్జా మీద చల్లే ఒరెగానోలోనూ, మన వామాకులోనూ ఉండే ఘాటు నూనె ఒక్కటే, కార్వక్రాల్ అంటారు. నా బాధల్లా, ఆ వాసన వాడికి పిజ్జా కొట్లో తెలిసింది గానీ ఇంట్లో తెలియలేదే అని.

చాలామంది వామాకంటే వాము మొక్క ఆకే అనుకుంటున్నారు. వాము కొత్తిమీర కుటుంబానిది, సన్నటి ఆకు, మనం వాడేది గింజ. కర్నూలు వైపు నల్లరేగళ్లలో పండిస్తారు. వామాకు తులసి, పుదీనాల చుట్టం. కర్పూరవల్లి అని కూడా అంటారు. ఆకు మందంగా, నూగుతో, అంచులు గంట్లు గంట్లుగా ఉంటుంది. విత్తనంతో పనిలేదు, కొమ్మ విరిచి గుచ్చితే బతుకుతుంది. రెండింటికీ వాసన కలవడానికి కారణం థైమాల్, దాని తోబుట్టువు లాంటి కార్వక్రాల్. మన పెద్దవాళ్లు వాము పువ్వు అనేది ఆ థైమాల్‌నే. యూరప్‌లో థైమ్ అనే వంటాకు ఉంది, థైమాల్‌కి పేరు దాన్నుంచే వచ్చింది. అక్కడ దాని సారాన్ని దగ్గు మందుల్లో వాడతారు. అంతదాకా ఎందుకు, వాము పాతకాలపు చాదస్తమనే మా కోడళ్లు పిల్లల ఛాతీకి రాసే విక్స్ డబ్బా తిప్పి చిన్నక్షరాలు చదివితే పుదీనా పువ్వు, కర్పూరాల పక్కన వాము పువ్వు కూడా కనబడుతుంది.

మా రోజుల్లో వామునీ, వామాకునీ మందని ఎవరూ అనలేదు. ముసురు పట్టిన రోజున వామాకు బజ్జీలు. రొంప మొదలైతే వాము చారు, మిరియాలు దంచి వేసి, పొగలు కక్కుతుండగా అన్నంలోకి. ముక్కు బిగిస్తే వామాకు నిప్పుల మీద వెచ్చచేసి పసరు పిండి తేనెలో రంగరించి నాకించేవాళ్లు. దగ్గు దిగకపోతే గుప్పెడు వాము పెనం మీద వేయించి, పాత పంచె ముక్కలో మూటకట్టి, ముందు తన ముంజేతి మీద పెట్టి వేడి చూసుకుని, అప్పుడు మా గుండెల మీద, వీపు మీద కాపడం పెట్టేది నాయనమ్మ. పెనుగంచిప్రోలు తిరపతమ్మ తిరునాళ్లకు బండి కట్టుకుని వెళ్లి, మున్నేట్లో మునిగి, ఆ ఇసుకలోనే పడుకుని లేచేవాళ్లం. తెల్లారేసరికి పిల్లలందరికీ ముక్కులు కారేవి. ఆవిడ కొంగుముడి విప్పేది. చిల్లర డబ్బులతో పాటు అందులో వాము కూడా ఉండేది.

మాది మిరప, పత్తి పండే మెట్ట. మాఘం దాటాక కళ్లాల్లో మిరపకాయలు ఎండుతుంటే, తాలుకాయలు ఏరే ఆడకూలీలు పైట ముక్కుకి చుట్టుకుని కూర్చున్నా సాయంత్రానికి ఒకటే దగ్గు. మా నాయనమ్మ వాము నీళ్లు కాచి చెంబులతో పంపేది. గొంతుకి హాయిగా ఉండేదనేవాళ్లు, అంతే. ఊపిరితిత్తుల్లోకి పోయిన కారం దాంతో బయటకొస్తుందని ఎవరూ అనలేదు. ఇప్పుడు ఆ ఘాటుకి తోడు రోడ్డు దుమ్ము, సున్నపురాయి లారీల దుమ్ము, పగలూ రాత్రీ హైవే పొగ. పీల్చే గాలి పాడైంది, పెరట్లో ఆకు పోయింది.

జలుబు చేసిన రెండో రోజే మందుల షాపుకి పోయి, చీటీ లేకుండా యాంటీబయాటిక్ అడిగి తెచ్చుకుంటున్నారు. మామూలు జలుబు వైరస్ వల్ల వస్తుంది, దాని మీద యాంటీబయాటిక్ పనిచేయదు. పనిచేయని చోట వాడి వాడి, పనిచేయాల్సిన రోజున అది చేతులెత్తేసేలా చేసుకుంటున్నాం. వీళ్లొక తరహా. రెండో తరహా వాళ్లు ఫోన్లో వచ్చిందల్లా నమ్మేవాళ్లు. వాళ్లను చూస్తే నాకు ఇంకా కోపం. 2020 మార్చిలో కరోనా మొదలైనప్పుడు కేంద్ర ఆయుష్ శాఖ ఒక సలహా ఇచ్చింది. పొడి దగ్గుంటే పుదీనా ఆకు గానీ వాము గానీ వేసి రోజుకోసారి ఆవిరి పట్టవచ్చు, తగ్గకపోతే డాక్టరుకి చూపించుకోవాలి అని. ఇంత నిదానంగా చెప్పిన మాట ఫోన్లలో చేతులు మారేసరికి వాముతో వైరస్ చస్తుందన్న మాటగా మారింది. రోజుకి నాలుగైదుసార్లు మసిలే నీళ్ల మీద దుప్పటి కప్పుకుని కూర్చున్నవాళ్లను చూశాను. చిన్నపిల్లలున్న ఇంట్లో మసిలే గిన్నె ఎంత ప్రమాదమో వేరే చెప్పాలా?

మా కాలమంతా బంగారమని నేననను. బాలింతల గదిలో వాము, సాంబ్రాణి వేసి పొగ పట్టేవాళ్లు. పసిగుడ్డు ఊపిరికి ఏ పొగా మంచిది కాదని తరవాత తెలిసింది. ఏడాది నిండని పిల్లలకు తేనె నాకించకూడదన్నదీ అంతే. తెలిశాక మా ఇంట్లో మానేశాం. ఎన్ని ఇళ్లలో డొక్కలెగరేస్తూ పిల్లలు పోయారో నాకు గుర్తుంది. మా చెల్లెలికి రెండేళ్లప్పుడు అలాగే అయింది. నాయనమ్మ దీపం దగ్గరకు తెచ్చి దాని చొక్కా పైకెత్తి చూసింది. ఊపిరి తీసినప్పుడల్లా పక్కటెముకల కింద గుంట పడుతోంది. చేతిలో ఉన్న వామాకు అవతల పడేసి, "ఇది ఆకుకి లొంగేది కాదు, బెజవాడ తీసుకుపొండి" అంది. తెల్లారుజామున మొదటి బస్సెక్కారు. చెల్లెలు బతికింది. ఇప్పుడు ఆశా కార్యకర్తలు చేసేదీ ఊపిరి చూసే ఆ పనే, గడియారం పెట్టుకుని. ఏడాది నిండి ఐదేళ్ల లోపు పిల్లలు నిమిషానికి 40 సార్లు, ఆపైన ఊపిరి తీస్తుంటే, రెండు నెలలు నిండి ఏడాది నిండని పిల్లలైతే 50 సార్లు, ఆపైన, రెండు నెలల లోపు పసికందులైతే 60 సార్లు, ఆపైన తీస్తుంటే ఆలస్యం చేయకూడదు. నాయనమ్మకి అంకెలు రావు. చెయ్యి వేసి చూసేది.

నందిగామలో మా మేనకోడలి కొడుకుకి ఉబ్బసం. డాక్టరు ఇన్హేలరు రాసిచ్చారు. ఎవరో వామాకు కషాయం పట్టిస్తే ఇన్హేలరుతో పనిలేదని ఫోన్లో పంపితే, మా మేనకోడలు అయిపోయిన డబ్బా మళ్లీ తేకుండా ఊరుకుంది. 2023 జూలైలో మున్నేరు పొంగి ఐతవరం దగ్గర హైవే మీదికి వచ్చింది. విజయవాడ దారి మూసేశారు. ఆ రాత్రే పిల్లాడికి పిల్లికూతలు మొదలయ్యాయి. మూడేళ్లవాడు, పడుకోలేడు, కూర్చోలేడు. ఊళ్లోనే ఒక డాక్టరు తలుపు తీసి నెబులైజర్ పెట్టబట్టి తెల్లారింది. మర్నాడు ఫోన్ చేసి "మామయ్యా, వామాకు ఇస్తూనే ఉన్నానే" అని ఏడ్చింది. నాకు దాని మీద కోపం రాలేదు. పెద్దవాళ్ల పేరు చెప్పి, పెద్దవాళ్లు ఎన్నడూ అనని మాట చెప్పినవాళ్ల మీద వచ్చింది.

నీళ్లు తీశాక నేనే బస్సెక్కి వెళ్లాను. తడిగుడ్డలో చుట్టిన రెండు వామాకు కొమ్మలు, కొత్త ఇన్హేలరు పట్టుకెళ్లాను. కొమ్మలు పగిలిన బక్కెట్లో గుచ్చి, ఇన్హేలరు వంటింటి గూట్లో ఎదురుగా పెట్టించాను. బజ్జీలు వేసుకోండి, చారులో వేసుకోండి, డాక్టరు చెప్పిన పఫ్ మాత్రం ఒక్కపూట కూడా మానొద్దన్నాను. వాడి పొట్ట మీద చెయ్యి ఎలా వేయాలో, గడియారం ఎలా చూడాలో చూపించాను.

మరుసటేడు ముసురు పట్టినప్పుడు ఫోన్ చేసింది. వామాకు దుబ్బు కట్టిందట, బజ్జీలు వేసిందట, పఫ్ ఇచ్చిందట, వాడికి కాస్త దగ్గుందట. నిమిషానికి ఎన్నిసార్లు తీస్తున్నాడే అన్నాను. "ఉండు మామయ్యా, నిద్రపోతున్నాడు, చూసి చెబుతా" అని ఫోను మంచం మీద పెట్టింది. నేను చెవి దగ్గర పట్టుకునే కూర్చున్నాను. అది మెల్లగా ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టడం వినబడుతోంది.