ఇరవై వస్తేనే ఆరోగ్యం

నిజామాబాద్ జిల్లా కుర్రకారుకు ఒక జబ్బు పట్టుకుందని పెద్దలంతా కలిసి తీర్మానించేశారు. చేతిలో సెల్లు లేకపోతే గుండె దడ, అరచేతుల్లో చెమట, అన్నం సయించకపోవడం దాని లక్షణాలట. పేరు నోమోఫోబియా. కాలేజీల్లో అవగాహన సదస్సులు పెట్టి, వెనక బెంచీ దాకా వినపడేలా మైకులో హెచ్చరించి, ఆ ఫొటోలు సదస్సు ముగియకముందే వాట్సాప్ స్టేటస్‌లో పెట్టుకుని మరీ ఈ మహమ్మారితో పోరాడుతున్నారు. ఇంత పెద్ద జబ్బు ఏ ఆసుపత్రిలో బయటపడిందోనని చూస్తే, అది పుట్టింది పోస్టాఫీసులో. 2008లో బ్రిటన్ పోస్టాఫీసు సంస్థ యూగవ్ అనే సర్వే కంపెనీ చేత రెండు వేల పైచిలుకు మందిని అడిగించింది. సెల్లు పోయినా, చార్జింగ్ అయిపోయినా, సిగ్నల్ అందకపోయినా కంగారు పడతామని సెల్లు వాడేవాళ్లలో 53 శాతం మంది చెప్పారు. జనం ఉత్తరాలు రాయడం మానేశారన్న కడుపుమంట ఆ సర్వేలో ఏమైనా ఉందో లేదో మనకు అనవసరం. మానసిక రోగాలకు అమెరికా వైద్యులు 2013లో అచ్చేసిన పెద్ద పుస్తకంలో గానీ, ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 నుంచి అమల్లోకి తెచ్చిన రోగాల పట్టికలో గానీ ఈ పేరు లేదు. వీడియో ఆటల వ్యసనానికి చోటిచ్చిన ఆ పట్టిక దీన్ని మాత్రం గడప తొక్కనివ్వలేదు.

అయినా కొలబద్ద తయారైంది. 2015లో అయోవా స్టేట్ యూనివర్సిటీకి చెందిన యిల్దిరిమ్, కొరేయా అనే ఇద్దరు పరిశోధకులు ఇరవై ప్రశ్నలు రాశారు. ఒక్కో ప్రశ్నకు ఒకటి నుంచి ఏడు దాకా మార్కులు. అస్సలు ఒప్పుకోనంటే ఒకటి, పూర్తిగా ఒప్పుకుంటే ఏడు. అన్నిటికీ ఒకటే వేసుకుంటే వచ్చేది 20, అంటే జబ్బు లేదు. 21 నుంచి 59 దాకా కొద్దిపాటి జబ్బు, 60 నుంచి 99 దాకా మధ్యరకం, వంద, ఆపైన వస్తే తీవ్రం. ఈ లెక్కను ఒకసారి నిదానంగా వేసి చూడండి. పంతొమ్మిది ప్రశ్నలకు 'ససేమిరా కాదు' అని, మిగిలిన ఒక్కదానికి కాస్త మర్యాదగా 'కాదండీ' అన్నవాడికి 21 వస్తుంది. వాడు రోగి. కాదన్నందుకు కాదు, గట్టిగా కాదననందుకు. ఈ తరాజులో తూచి, కాలేజీ పిల్లల్లో నూటికి దాదాపు నూరుగురికీ జబ్బుందని వ్యాసాలు వస్తే ఆశ్చర్యపోవడం దేనికి? ఈ కొలతకు నూటికి ఒకడు తప్పించుకున్నాడంటే వాడి మీద పరిశోధన చేయాలి.

ఇదే కాగితాన్ని పిల్లలకు కాకుండా పెద్దలకు పంచితే ఏమవుతుందో ఊహించడం కష్టం కాదు. నిజామాబాద్ మార్కెట్ యార్డులో పసుపు ధర కోసం నిమిషానికోసారి తెర చూసే వ్యాపారి, మంత్రిగారి పర్యటన రోజున చార్జర్ మరిచిపోయిన నాయకుడు, బ్యాంకు మెసేజ్ రాలేదని అల్లుడికి నాలుగుసార్లు ఫోన్ చేసే రిటైర్డ్ హెడ్మాస్టరు, వీళ్లలో ఇరవై దగ్గర ఆగేది ఎవరు? 2021 అక్టోబరు 4 రాత్రి వాట్సాప్ దాదాపు ఆరు గంటలు మూగబోయినప్పుడు ఫోన్లను ఆపి మళ్లీ ఆన్ చేసి చూసుకున్నది ఒక్క ఇంటర్ పిల్లలేనా? 2025 ఏప్రిల్ 12న యూపీఐ మొరాయించినప్పుడు కిరాణా కొట్ల ముందు జేబులు తడుముకుంటూ నిలబడ్డ జనానికి వయసు పరిమితి లేదు. పెద్దల కంగారు బాధ్యతట, పిల్లల కంగారు రోగమట.

అసలు సంగతి ఏమిటంటే, ఈ భయం నిజమే. అయితే అది తలకాయలో పుట్టిన భయం కాదు, కౌంటర్ దగ్గర పుట్టింది. తెలంగాణలో డిగ్రీలో చేరాలంటే 2016 నుంచి దోస్త్ అనే ఆన్‌లైన్ ప్రవేశాల పద్ధతే ప్రధాన దారి. దానికి సాధారణంగా ఆధార్‌తో లింకైన మొబైల్ నంబరు కావాలి. బోధన్‌లోనో రెంజల్‌లోనో ఏ మీసేవ ముందైనా ప్రవేశాల కాలంలో కనపడే దృశ్యమే చూడండి. అమ్మాయి ఇంటర్ మెమో పట్టుకుని కౌంటర్ ముందు నిలబడింది. ఆపరేటర్ తెర మీంచి తల తిప్పకుండానే 'ఓటీపీ చెప్పు బిడ్డా' అంటాడు. ఆధార్‌కు ఇచ్చిన నంబరు బాపుది, బాపు దుబాయిలో. అక్కడ డ్యూటీ మీదున్న మనిషి చూసుకుని, ఆ ఆరంకెలు వాయిస్ మెసేజ్‌లో చెప్పి, అది ఇక్కడికి చేరేలోగా పది నిమిషాల గడువు తీరిపోతుంది. వెనక లైన్లో ఉన్నవాళ్లు విసుక్కుంటారు. 'మల్లొక్కపారి పంపన్నా' అని ఆ పిల్ల బతిమాలుతుంది. తీరా సీటొచ్చాక కూడా గడువులోపు ఆన్‌లైన్‌లో రిపోర్ట్ చేయకపోతే ఆ సీటు ఇంకొకరికి పోతుంది. ఈ అమ్మాయికి ఫోన్ చేతిలో లేకపోతే గుండె దడ రాకుండా ఉంటుందా? రాకపోతే అప్పుడు చూపించాలి డాక్టరుకు.

ఇది ఒక్క చదువుల ముచ్చటే కాదు. ఉద్యోగ దరఖాస్తుకు ఓటీపీ, బీడీలు చుట్టే తల్లి పీఎఫ్ సొమ్ముకు ఓటీపీ, నాయన పేరున కిసాన్ డబ్బు పడాలంటే ఓటీపీ. ఉపాధి హామీ కూలీల హాజరు 2023 జనవరి నుంచి యాప్‌లో ఫొటో ఎక్కితేనే లెక్క. సిగ్నల్ దొరకని గుట్ట దగ్గర పొద్దంతా మన్ను తవ్వినా, ఆ ఫొటో ఎక్కకపోతే కూలి మాట గాలికే. ఇంటిల్లిపాదిలో వీటన్నిటినీ నొక్కడం తెలిసింది ఒక్క కుర్రాడికే, వాడే ఆ ఇంటి గుమస్తా. ఈ మొత్తం వ్యవహారంలో ఫోన్‌ను పక్కన పెట్టించిన ఘనత ఆర్టీసీకే దక్కాలి. 2023 డిసెంబరులో ఆడవాళ్లకు ఉచిత ప్రయాణం మొదలుపెట్టినప్పుడు, సెల్లులో ఆధార్ ఫొటో చూపిస్తే చెల్లదు, అసలు కార్డే కావాలని కండక్టర్లు పట్టుబట్టారు. డిజిటల్ డీటాక్స్ అంటే అదీ! ఏ సదస్సూ చేయలేని పనిని ఒక టికెట్ మిషన్ చేసి చూపింది.

'మా కాలంలో ఇవన్నీ ఉన్నాయా, మేం బతకలేదా' అనేది పెద్దల బ్రహ్మాస్త్రం. బతికారు, కాదన్నదెవరు? కానీ కంగారు లేకుండా బతికామంటే మాత్రం నమ్మేదెట్లా? ఆర్మూర్, బాల్కొండ, భీమ్‌గల్ వైపు ఊళ్లలో గల్ఫ్‌కు పోయినవాళ్ల ఇళ్లు నెలల తరబడి ఉత్తరం కోసం ఎదురుచూశాయి. సెలవు మీద వచ్చేవాళ్ల చేత మాటలు రికార్డు చేసిన క్యాసెట్ పంపిస్తే, దాన్ని అరిగిపోయేదాకా విన్నారు. ఆ ఎదురుచూపును ఎవరూ ఇరవై ప్రశ్నలతో కొలవలేదు. ఇప్పుడు అదే ఇంట్లో పిల్లలు ఇంకో యాప్ మోగుతుందా అని చూస్తారు, ఎందుకంటే దుబాయి నుంచి వాట్సాప్ కాల్ కలవదు. ఎదురుచూపు అదే, పెట్టె మారింది. బోధన్ చెరకు రైతు ఫ్యాక్టరీ నుంచి కటింగ్ ఆర్డర్ ఎప్పుడొస్తుందా అని దిగులు పడేవాడు, ఆలస్యమైతే గడ ఎండి తూకం పడిపోతుంది కనుక. 1937లో మొదలైన నిజాం షుగర్స్ 2015 డిసెంబరులో లేఆఫ్ ప్రకటిస్తే, బోధన్‌లోని శక్కర్‌నగర్ ఫ్యాక్టరీ కార్మికులకు పట్టిన భయానికి ఏ యూనివర్సిటీ పేరు పెట్టింది? జీతం రాదేమోనన్న భయం లోకసహజం, మెసేజ్ రాదేమోనన్న భయం మనోవ్యాధి! పైగా పెద్దల కాలంలో ఎస్టీడీ బూత్ ఉండేది, టెలిగ్రాం ఉండేది, దరఖాస్తు తీసుకుని ముద్ర వేసిచ్చే గుమస్తా ఉండేవాడు. టెలిగ్రాంను 2013 జులైలో మూసేశారు, బూత్‌లు వాటంతటవే పోయాయి, గుమస్తా 'ఆన్‌లైన్‌ల పెట్టు' అనడం నేర్చుకున్నాడు. ఉన్న తలుపులన్నీ మూసి, మిగిలిన ఒక్క తలుపు దగ్గరే గుమిగూడారేమని పిల్లల్ని కోప్పడటం ఏం న్యాయం?

కందకుర్తికి వస్తే ఇంకా తేటగా తెలుస్తుంది. గోదావరి తెలంగాణలోకి అడుగుపెట్టేది ఇక్కడే. మంజీర, హరిద్ర వచ్చి కలిసేదీ ఇక్కడే. వంతెన దాటితే మహారాష్ట్ర. 2013లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ప్రకారం ఎగువన బాబ్లీ ఆనకట్ట గేట్లు ఏటా జులై 1న ఎత్తాలి, అక్టోబరు 29న దించాలి. వానాకాలంలో ఆ వైపు నీళ్లు వదిలినా, ఇటు నిజాంసాగర్ గేట్లెత్తినా, దిగువన శ్రీరాంసాగర్ నిండి నీరు వెనక్కి తన్నినా ముందు తడిసేది ఈ ఒడ్డు పొలాలే. ఏటి ఒడ్డున మోటారు పెట్టుకున్న ఇంటి కుర్రాడు రాత్రి రెండింటికి లేచి గ్రూపులో ఎన్ని గేట్లెత్తారో చూస్తాడు. మోటారు పైకి లాక్కోవాలా, పొద్దున దాకా ఆగొచ్చా అన్నది ఆ మెసేజ్‌తోనే తేలుతుంది. ఫోన్ చచ్చిపోతే కంగారు పడతావా అని ఇరవై రకాలుగా అడిగినా వాడు ప్రతిసారీ ఏడుకు ఏడు వేస్తాడు. సదస్సు లెక్కలో వాడిది తీవ్రమైన కేసు.

ఇక్కడ ఒక అభ్యంతరం న్యాయంగా వినాల్సిందే. ఆ కుర్రాడు రాత్రి రెండింటికి చూసేది ప్రతిసారీ గేట్ల వార్తేనా, రీల్స్ కాదా? రీల్సే, చాలా రాత్రులు రీల్సే. నిద్ర చెడుతుంది, చదువు చెడుతుంది, అది మంచిది కాదని చెప్పడానికి పరిశోధకులు అక్కర్లేదు. కానీ గమనించండి, ఆ ఇరవై ప్రశ్నల్లో ఎన్ని గంటలు చూస్తావు, ఏం చూస్తావు, నిద్రపోతున్నావా అన్నది ఒక్కటీ లేదు. ఫోన్ ఉంటే జరిగే నష్టం ఒకటి, లేకపోతే పుట్టే భయం ఇంకొకటి. మొదటిది రీల్ తర్వాత రీల్ తోసే కంపెనీల వ్యాపారం, రెండోది ఫోన్ లేనిదే పని కాదనే ఆఫీసుల నిర్వాకం. రెంటినీ ఒకే గిన్నెలో కలిపి పిల్లల గొంతులో పోయడం వల్ల కంపెనీలకూ హాయి, ఆఫీసులకూ హాయి. ఇంకొందరు ప్రయోగశాల రుజువు తెస్తారు. 2015లో మిస్సోరీ యూనివర్సిటీలో నలభై మంది దాకా విద్యార్థులకు పదాల పజిల్ ఇచ్చి, బీపీ పట్టీకి బ్లూటూత్ అడ్డొస్తోందని అబద్ధం చెప్పి వాళ్ల ఐఫోన్లను గదిలో దూరంగా పెట్టించారు. తర్వాత ఆ ఫోన్లకే రింగ్ ఇచ్చారు, లేచి ఎత్తే వీలు లేదు. గుండె వేగం, బీపీ పెరిగాయి. పెరగవా మరి? వంటింట్లో కుక్కర్ విజిల్ వేస్తూనే ఉంటే, లేవొద్దని కుర్చీలో కూర్చోబెట్టిన ఏ గృహిణికి బీపీ పెరగదు?

ఈ జబ్బు కథలో అసలు కనపడనిది ఆడపిల్ల. 14 నుంచి 18 ఏళ్ల పల్లె పిల్లల మీద 2023లో జరిగిన అసర్ విద్యా సర్వేలో, స్మార్ట్‌ఫోన్ వాడటం తెలిసిన మగపిల్లల్లో 43.7 శాతం మందికి సొంత ఫోన్ ఉంటే ఆడపిల్లల్లో 19.8 శాతానికే ఉంది. మిగతావాళ్లు అన్న దయతలిస్తే, బాపు పొలం నుంచి వస్తే చూసుకోవాలి. ఫోన్‌కు దూరంగా ఉండటమే మందైతే, వీళ్లంతా నిండు ఆరోగ్యంతో వెలిగిపోతూ ఉండాలి. మీసేవ లైన్లో వాళ్ల మొహాలు చూసినవాళ్లు ఆ మాట అనరు.

2027లో గోదావరి పుష్కరాలొస్తున్నాయి, కందకుర్తి ఘాట్ కిక్కిరిసిపోతుంది. జబ్బు గురించి ప్రసంగించే పెద్దలకు ఒక వినతి. సెల్లులన్నీ ఇంట్లో బీరువాలో పెట్టి తాళం వేసుకుని రండి. పార్కింగ్ ఎక్కడో కానిస్టేబుల్‌ను అడగండి, చిల్లర నోట్లు మూట కట్టుకోండి, స్నానం చేసి ఒడ్డెక్కాక డ్రైవర్‌ను కేకేసి పిలవండి. మనవడు ఫొటో తీస్తానంటే వద్దని గద్దించండి. జనంలో తప్పిపోతే దిగులు పడకండి, మైకులో మీ పేరు చదువుతారు.