‘సి’ దాటని పండితుడు

వీడు ప్రతి ఇంజినీరింగ్ కాలేజీలోనూ ఉంటాడు. బీటెక్ మూడో ఏడు సెలవుల్లో బయటపడతాడు. జేబులో జీఆర్ఈ పరీక్షకి బట్టీ కొట్టే అట్టముక్కల కట్ట: ముందు ఇంగ్లీషు మాట, వెనక అర్థం. బస్సులో కళ్లు మూసుకుని పెదవులు కదుపుతుంటే, పక్క సీటు ముసలావిడ హనుమాన్ చాలీసా అనుకుని భక్తిగా కాస్త జరిగి చోటిస్తుంది.

నేర్చిన మాట వాడితేనే నిలుస్తుందని కోచింగ్ సారు చెప్పారు కాబట్టి, వాడకం ఇంట్లోనే మొదలు. నాన్న మితభాషి, అంటే టాసిటర్న్. పక్కింటి పిన్నిగారు వసపిట్ట, అంటే గారులస్. ‘‘గారెలా? పప్పు నానబొయ్యలేదురా’’ అంటుంది అమ్మ. మూడో పెసరట్టు వద్దనాలంటే ‘‘నేను అబ్‌స్టీమియస్ అమ్మా’’ అంటాడు. కాసేపాగి ఆకలేస్తే మాత్రం తెలుగులోనే అడుగుతాడు.

గుర్తుపెట్టుకునే కిటుకుల్లో వాడి తెలివిని మెచ్చుకోవాల్సిందే. పెన్యురీ అంటే కటిక దరిద్రం: పెన్ను కూడా లేని ఊరు. పాసిటీ అంటే కొరత: పావు వంతే ఉన్న సిటీ. చిక్కల్లా పరీక్ష హాల్లోనే. ఊరు గుర్తొస్తుంది, సిటీ గుర్తొస్తుంది, అర్థం రాదు.

నిజానికి 2011 ఆగస్టులోనే జీఆర్ఈ నుంచి వ్యతిరేక పదాలు, పోలికల ప్రశ్నలు ఎత్తేశారు. మాటల మీద ఇప్పుడొచ్చేవి వాక్యంలో ఖాళీలు. చుట్టూ ఉన్న మాటల ధోరణి పట్టుకోకపోతే బట్టీ కొట్టిన అర్థం ఒక్కటీ పనికిరాదు. అందుకు నాలుగు మంచి వ్యాసాలు చదవాలి. ఆ మాటే వాడితో అని చూడండి. ‘‘వ్యాసాలు చదివే టైమెక్కడిదండీ, ఇంకా మూడు వేల మాటలున్నాయి!’’

అట్టముక్కల సంగతి అలా ఉంచితే, జీఆర్ఈ కోసం కొన్న బారన్స్ పాత పుస్తకంలో మాటలు 3500, జాబితాలు 50. మనవాడు ప్రతి సోమవారం మంచిరోజని మళ్లీ మొదటి జాబితాకే కొబ్బరికాయ కొడతాడు. అందుకే అబేట్, అబెరంట్, అబ్‌స్కాండ్ నిద్రలో లేపి అడిగినా చెప్పేస్తాడు. ‘జెడ్’ మాటలతో మాత్రం ముఖపరిచయం కూడా లేదు. చివరికి క్వాంట్, అంటే లెక్కల, మార్కుల పుణ్యమా అని ఎమ్మెస్‌కి వెళ్లిపోతాడు. పుస్తకం ఆదివారం హైదరాబాద్ అబిడ్స్ ఫుట్‌పాత్ మీదికి చేరుతుంది.

అక్కడ కొనబోయే తమ్ముళ్లారా, వాడిన పుస్తకమని సగం ధర చెబితే బేరమాడకుండా ఇచ్చెయ్యండి. ‘డి’ నుంచి అది కొత్త పుస్తకమే.