నా పేరు పాత పదహారు

నా పేరు ఓల్డ్ సిక్స్‌టీన్. పాత పదహారు అని పిలిచినా పలుకుతాను. 1906లో అమెరికాలోని కనెక్టికట్ రాష్ట్రం, బ్రిడ్జ్‌పోర్ట్ ఊళ్లో లోకోమొబైల్ కంపెనీ నన్ను కన్నది. ఆ కంపెనీ మొదట్లో ఆవిరి బండ్లు అమ్ముకుని బతికింది. తర్వాత దాన్ని పెట్రోలు దారి పట్టించినవాడు, నన్ను కాగితం మీద గీసినవాడు ఆండ్రూ రైకర్. అమ్మకానికి చేసిన బండిని కాను. ఒకే ఒక్క కప్పు కోసం పుట్టాను. అది వాండర్‌బిల్ట్ కప్పు.

న్యూయార్క్‌ను ఆనుకుని లాంగ్ ఐలండ్ అనే పొడవాటి దీవి ఉంది. తరతరాల సంపద ఉన్న ఇంట్లో పుట్టిన విలియం కె. వాండర్‌బిల్ట్ జూనియర్ 1904లో అక్కడ ఈ పందెం మొదలుపెట్టాడు. ఐరోపా బండ్ల ముందు అమెరికా బండ్లు తేలిపోతున్నాయి, సొంతగడ్డ మీద పోటీ పెడితే మనవాళ్లూ నేర్చుకుంటారని ఆయన ఆశ. నేర్చుకోవడానికి కొన్నేళ్లు పట్టింది. 1904లో పనార్ గెలిచింది. 1905లో, 1906లో దరాక్ గెలిచింది. అన్నీ ఫ్రాన్సు బండ్లే. 1905లో మా కంపెనీ బండి నడిపిన జో ట్రేసీ మూడోవాడిగా వస్తే మావాళ్లకు అదే పెద్ద పండగ.

పందెం అనగానే చుట్టూ గోడ ఉన్న మైదానం ఊహించుకోకండి. అప్పుడు పందెం నడిచింది ఊరి రోడ్ల మీద, రైతులు సరుకు తోలుకునే దారుల మీద. దుమ్ము లేవకుండా ముడిచమురు చల్లేవాళ్లు. మొదటి పందేనికి తెల్లవారుజాము నుంచి ఎవరూ రోడ్డెక్కొద్దని, పిల్లల్ని బయటికి వదలొద్దని, కుక్కల్ని కట్టేసుకోమని, కోళ్లను మూసిపెట్టుకోమని నోటీసులు అంటించారు. తన పొలం గట్టు నుంచి తన రోడ్డు మీదికి రావడానికి మరొకరి సరదా అడ్డమైతే ఏ రైతుకు కోపం రాదు? ఆ కోపం న్యాయమైనదేనని ఇప్పటికీ అంటాను.

నన్ను దగ్గరగా చూడండి. ముందు ఇంజను, దాని వెనక రెండు సీట్లు, వాటి వెనక పెట్రోలు ట్యాంకు, స్పేరు టైర్లు. అంతే. ముందు అద్దం లేదు, తలుపులు లేవు. సిలిండర్లు నాలుగే, కానీ ఒక్కో పిస్టన్ అడ్డకొలత ఏడుంపావు అంగుళాలు. మొత్తం ఇంజను 16 లీటర్ల పైచిలుకు. మీ వీధిలో తిరిగే చిన్నకారు ఇంజన్లు మూడు నా ఒక్క సిలిండర్‌లో పడతాయి. బలం 120 హార్స్‌పవర్. చక్రాల ఆకులు చెక్కవి. వెనక చక్రాలను రెండు పక్కలా సైకిలుకున్నట్టు గొలుసులు తిప్పుతాయి. ముందు చక్రాలకు బ్రేకులు లేవు.

రెండో సీటు గురించి కాస్త ఎక్కువ చెప్పుకోవాలి, ఎందుకంటే దాని గురించి చెప్పేవాళ్లు తక్కువ. అది మెకానిక్‌ది. ట్యాంకులో ఒత్తిడి పడిపోకుండా చేత్తో పంపు కొట్టాలి. ఆయిల్ అందుతోందో లేదో కనిపెట్టుకుని ఉండాలి. మాటిమాటికీ వెనక్కి తిరిగి ఏ టైరు అరిగిందో, ఏ బండి మీదికి వస్తోందో చూడాలి. ఇంజను హోరులో మాట వినపడదు కాబట్టి డ్రైవర్‌ను తట్టి చెప్పాలి. టైరు పేలితే ముందు దూకేదీ అతనే, మలుపులో విసిరికొడితే ముందు పడేదీ అతనే. 1904లో మొదటి పందెంలోనే కార్ల్ మెన్‌సెల్ అనే మెకానిక్ ప్రాణం పోయింది. అందుకే నన్ను నడిపినవాళ్ల పేర్లు జంటగానే చెబుతాను. 1906లో జో ట్రేసీ, అల్ పూల్. 1908లో జార్జ్ రాబర్ట్‌సన్, గ్లెన్ ఎథ్రిడ్జ్.

1906లో నా నంబరు 9. అమెరికా తరఫున ఏ బండ్లు దిగాలో తేల్చే ఎంపిక పందెంలో నేనే మొదట వచ్చాను. అసలు పందెంలో అందరికంటే వేగమైన చుట్టు కూడా నాదే. కానీ టైర్లు నా బరువుకూ వేగానికీ ఓర్చుకోలేదు. ఒకటి మారిస్తే ఇంకొకటి పోయింది. చివరికి పదో స్థానం దక్కింది. ఆ రోజు నన్ను ఓటమి కంటే ఎక్కువగా వణికించింది జనం. రోడ్డు పక్కన కాదు, రోడ్డు మీదే నిలబడ్డారు. నేను దూసుకొస్తుంటే ఆఖరి క్షణంలో సందు ఇచ్చి, దాటగానే మళ్లీ మూసుకున్నారు. అలా నిలబడ్డ వాళ్లలో ఒకరు మరో బండి తగిలి చనిపోయారు. 1907లో పందెం జరగలేదు.

ఆ చావు నుంచే ఒక రోడ్డు పుట్టింది. వాండర్‌బిల్ట్, ఆయన మిత్రులు సొంతంగా ఒక దారి వేయడానికి పూనుకున్నారు. గుర్రబ్బండికి ప్రవేశం లేదు, అడ్డంగా రైలుగేటు రాదు, వేరే దారులు వంతెనల మీదుగానో వంతెనల కిందుగానో పోవాలి. కార్ల కోసమే వేసిన తొలి రోడ్లలో లాంగ్ ఐలండ్ మోటార్ పార్క్‌వే ఒకటి. 1908 జూన్‌లో పని మొదలైంది. అక్టోబరు నాటికి కొంత ముక్క తయారైంది. పందెం దారిలో ఆ ముక్కనూ, మిగతా ఊరి రోడ్లనూ కలిపారు. చుట్టుకు 23 మైళ్ల పైన, మొత్తం 11 చుట్లు.

1908 అక్టోబరు 24. ఈసారి నా బానెట్ మీద 16 అని రాశారు. పాత దారి గతుకులు, పార్క్‌వే కాంక్రీటు నున్నదనం, చుట్టుచుట్టుకూ రెండూ నా స్ప్రింగులకు తెలుస్తూనే ఉన్నాయి. రాబర్ట్‌సన్ చెయ్యి దిట్టమైనది. మలుపుకు ముందు భయపడి తగ్గించే రకం కాదు, తగ్గించాల్సిన చోట తగ్గించి వెంటనే పట్టు బిగించే రకం. వెనకే ఇటలీ బండి ఇసోటా మీద హెర్బర్ట్ లైటిల్ తరుముకొస్తున్నాడు. పందెం చివరికొచ్చేసరికి నా టైరు మళ్లీ పోయింది. రెండేళ్ల కింద నన్ను ముంచిన జబ్బే. ఇద్దరూ కిందికి దూకి మార్చి మళ్లీ ఎక్కారు. ఆ చేతుల వేగానికే నేను రుణపడి ఉన్నాను. 4 గంటల 48 సెకన్లలో గీత దాటాను. సగటున గంటకు 64 మైళ్ల పైన. ఇసోటా రెండు నిమిషాల లోపే వచ్చేసింది. టైరు మార్పిడి ఇంకో రెండు నిమిషాలు పట్టి ఉంటే ఈ కథ చెప్పడానికి నన్నెవరూ ఉంచేవాళ్లు కాదు.

అమెరికాలో తయారైన బండి ఆ కప్పు గెలవడం అదే మొదలు. జనం ఆగలేదు, దారి మీదికి పొంగారు. ఇంకా పరుగు పూర్తి చేయని బండ్లను ఆపేయాల్సి వచ్చింది.

పందేలు ఆ దీవి మీద ఎక్కువ కాలం బతకలేదు. 1910 పందెంలో ఇద్దరు మెకానిక్‌లు పోయారు, ఎంతోమంది గాయపడ్డారు. మళ్లీ మెకానిక్‌లే. న్యూయార్క్ రాష్ట్రం ఊరి రోడ్ల మీద పందేలు ఆపేసింది. కప్పు దక్షిణాన సవానా ఊరికి తరలిపోయింది. ఆపడం సరైన పనే. పార్క్‌వే మాత్రం టోలు వసూలు చేసుకుంటూ, సుమారు 45 మైళ్లు సాగి, టోలు లేని కొత్త రోడ్ల పోటీకి తట్టుకోలేక 1938లో మూతపడింది.

నేను ఆ గెలుపు తర్వాత పందెంలో దిగలేదు. కంపెనీ 1929లో మూతపడింది. కనెక్టికట్‌లోనే ఒకరి దగ్గర ఉండగా, 1941లో పీటర్ హెల్క్ వచ్చి నన్ను కొన్నాడు. ఆయన చిత్రకారుడు. పత్రికలకూ ప్రకటనలకూ రైలింజన్లు, ఫ్యాక్టరీలు, పందెం కార్లు గీసి పేరు తెచ్చుకున్నాడు. చిన్నపిల్లవాడిగా 1906 పందేలను కళ్లారా చూసినవాడు. 9వ నంబరుతో ఉరికిన నన్ను చూసిన కుర్రాడే, పెద్దవాడై నన్ను ఇంటికి తీసుకెళ్లాడు. అంత మురిపెం ఉన్నవాడు నన్ను కొత్త పెళ్లికూతురిలా సింగారిస్తాడని ఎవరైనా అనుకుంటారు. ఆయన అది చేయలేదు. రంగు వేయించలేదు. ఎథ్రిడ్జ్ చెయ్యి రాసుకున్న చోటు అలాగే ఉండాలని కోరుకునే మనిషి. నన్ను షెడ్డులో మూసి పెట్టకుండా రోడ్డు మీద తిప్పాడు. ఆ పందేల మీద పుస్తకాలు రాశాడు, నన్ను ఎన్నో బొమ్మల్లో గీశాడు. 1988లో కన్నుమూసేదాకా నేను ఆయన ఇంట్లోనే ఉన్నాను. తర్వాత మిషిగన్ రాష్ట్రం, డియర్‌బోర్న్‌లోని హెన్రీ ఫోర్డ్ మ్యూజియానికి చేరాను. వాళ్లూ నా రంగు ముట్టుకోలేదు. ఈ విషయంలో నాకు గట్టి అభిప్రాయం ఉంది. రంగు వేసి తళతళలాడించిన పందెం కారు ఒక బొమ్మకారు. నా మీది గీతలు చదవగలిగినవాళ్లకు 1908 కనపడుతుంది.

నేను ఇక్కడ నిలబడి ఉన్నా, నా రోడ్డును వెతికేవాళ్లు లాంగ్ ఐలండ్‌లో ఉన్నారు. పార్క్‌వేను కాపాడే సంఘమే ఉంది. పాత మ్యాపు పట్టుకుని ఇళ్ల వెనకాల, కరెంటు స్తంభాల వరుస పక్కన నడుస్తారు. ముళ్లకంపలో కాంక్రీటు కంచెరాయి దొరికితే ఫోటో తీసి, పాత పోస్టుకార్డుతో పోల్చి, ఏ మలుపో తేలుస్తారు. క్వీన్స్‌లో పార్క్‌వే ముక్క ఒకటి సైకిలు దారిగా బతికే ఉంది, దాని వంతెనలు కొన్ని నిలిచే ఉన్నాయి. గార్డెన్ సిటీలోని టోలుగేటు ఇంటిని కూలకుండా చోటు మార్చి నిలబెట్టుకున్నారు. 1909లో, 1910లో హ్యారీ గ్రాంట్‌ను గెలిపించిన ఆల్కో బండిని అక్కడి చరిత్రకారుడు హోవార్డ్ క్రోప్లిక్ సంపాదించి, మళ్లీ లాంగ్ ఐలండ్ రోడ్ల మీద తిప్పాడు. ఆ పందేల మీద పుస్తకం కూడా ఆయనదే. మా తర్వాత గెలిచిన బండి అక్కడ మళ్లీ ఇంజను మోగించిందంటే నాకు నిజంగా సంతోషం.

వాళ్ల ముందు ఇంకా చాలా పని ఉంది. పాత ఫోటోల్లో డ్రైవర్ పేరు కింద రాసి ఉంటుంది, పక్క సీట్లో కళ్లద్దాలు పెట్టుకుని వెనక్కి తిరిగి టైరు చూస్తున్న కుర్రాడి పేరు చాలాసార్లు ఉండదు. ఆనాటి పేపర్లలో ఫలితాల పట్టికలు, గాయపడ్డవాళ్ల జాబితాలు వెతికితే కొందరి పేర్లు దొరుకుతాయి. ముందుగా ఆ పేర్లు పట్టుకోండి, కంచెరాళ్లు ఎక్కడికీ పోవు.